లక్షన్నర అడుగులు, ఆరు కిలోలు

కర్నూలు నుంచి శ్రీశైలానికి బస్సు దారి సుమారు 180 కిలోమీటర్లు. ఆత్మకూరు దాటి, దోర్నాల దాకా పోయి, అక్కడ మలుపు తిరిగి ఘాట్ ఎక్కాలి. శివరాత్రికి, ఉగాదికి నడిచి వెళ్లే భక్తులకు అంత చుట్టు అక్కర్లేదు. నందికొట్కూరు మీదుగా ఆత్మకూరుకు రోడ్డున దాదాపు 70 కిలోమీటర్లు. అక్కణ్నుంచి వెంకటాపురం, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా నల్లమల అడవిలో మరో నలభై పైచిలుకు. లెక్క కోసం మొత్తం 110 కిలోమీటర్లు అనుకుందాం. నాలుగైదు రోజుల నడక.

పెద్దవాళ్ల అడుగు సగటున 70 సెంటీమీటర్లు ఉంటుంది. అంటే కిలోమీటరుకు దాదాపు 1,400 అడుగులు, 110 కిలోమీటర్లకు 1,54,000. సంచిలో పెట్టుకున్న ప్రతి వస్తువు బరువూ లక్షా యాభై నాలుగు వేల సార్లు మన పాదాల మీద పడుతుంది. పాదయాత్రకు సామాను ఎంచుకోవడానికి నాకు తెలిసి ఇంతకంటే నమ్మకమైన కొలత లేదు. వస్తువు ఖరీదు, కంపెనీ పేరు, ఎవరో బాగుందన్న మాట, ఇవన్నీ తర్వాత చూడొచ్చు. ముందు అది ఎన్ని గ్రాములో తెలియాలి. ఇంట్లో వంటకు వాడే చిన్న కాటా ఉంటే సరి, లేకపోతే కిరాణా కొట్టులో ఒక్కో వస్తువూ పెట్టి తూయించి కాగితం మీద రాసుకోండి. చేసేది గంట పని. నాలుగు రోజుల నొప్పిని తప్పించేది అదే.

ఈ దారి నడక చాలా పాతది. శివరాత్రికి శ్రీపర్వతం, అంటే శ్రీశైలం, వెళ్లే యాత్రికుల సంగతులు పాల్కురికి సోమనాథుడి పండితారాధ్య చరిత్రలో పర్వత ప్రకరణంలో ఉన్నాయి. శ్రీశైలానికి, అహోబిలానికి మెట్లు కట్టించిన ఘనత 14వ శతాబ్దపు రెడ్డి రాజు ప్రోలయ వేమారెడ్డిది. 1830 మే 18న చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య కూడా ఈ అడవి దారినే శ్రీశైలం వచ్చాడు. ఆయనది దాదాపు వంద మంది పరివారం, పల్లకీ, డేరాలు. మోసేవాళ్లున్నా ఆయన ప్రతి మజిలీలో నీళ్లు ఎలా ఉన్నాయి, సరుకులు దొరుకుతాయా, దిగడానికి చోటుందా అని శ్రద్ధగా రాసిపెట్టాడు. తర్వాత వచ్చేవాడు ఏది మోయాలో ఏది మోయక్కర్లేదో ఆ మూడు సంగతులను బట్టే తేలుతుంది. ఇప్పటికీ తేల్చేవి అవే.

రోడ్డు సంచి, అడవి సంచి

ఉత్తర కర్ణాటక నుంచి, అంటే బెళగావి, బాగలకోట, విజయపుర, రాయచూరు వైపు నుంచి, ఉగాదికి వచ్చే కన్నడ భక్తులు వందల కిలోమీటర్లు నడుస్తారు. శ్రీశైలం అమ్మవారు భ్రమరాంబ వాళ్లకు ఇంటి ఆడపడుచు. కొందరు పొడవాటి కర్రకాళ్ల మీద నడుస్తూ వస్తారు. చాలా బృందాల వెంట ఒక ట్రాక్టరో వ్యానో ఉంటుంది. పడకలు, వంటపాత్రలు, విడి బట్టలు అందులో వస్తాయి. మన జిల్లాల నుంచి వెళ్లే బృందాలు కూడా ఆటో మాట్లాడుకుంటున్నాయి. మంచి పద్ధతే. కానీ ఆ బండి అడవి దారిలోకి రాదు. వెంకటాపురం వైపు భక్తులను దించి, దోర్నాల మీదుగా చుట్టు తిరిగి శ్రీశైలంలో కలుస్తుంది. ఈ మధ్యలో ఒకటిన్నర రోజు, కనీసం ఒక రాత్రి, నలభై పైచిలుకు కిలోమీటర్ల రాళ్ల దారి. అదంతా సొంత భుజాల మీదే.

కాబట్టి బండి ఉన్నవాళ్లు కూడా సంచిని అడవికి తగ్గట్టే సర్దుకోవాలి. బండిలో ఉంది కదా అని రోడ్డు మీద ఖాళీ చేతులతో నడిచి, ఆత్మకూరు దాటాక హఠాత్తుగా ఎనిమిది కిలోలు భుజాన వేసుకున్నవాళ్లే భీముని కొలను దగ్గర కూలబడతారు. అడవి సంచిని మొదటి రోజు నుంచే మోస్తూ రావడం మేలు. ఒళ్లు అలవాటు పడుతుంది, ఏది అనవసరమో రోడ్డు మీద ఉండగానే తెలుస్తుంది, దాన్ని బండిలో పడేయొచ్చు.

ఎంత బరువు? సుదూర యాత్రల్లో ఎక్కువ మంది చెప్పుకునే లెక్క ఒంటి బరువులో పదో వంతు. స్పెయిన్‌లో సాంటియాగో గుడికి నడిచే క్రైస్తవ యాత్రికుల్లో ఈ మాట బాగా ప్రచారంలో ఉంది. ఆ యాత్రలో ప్రధానమైన దారి దాదాపు 780 కిలోమీటర్లు. 2024లో ఆ గుడి దగ్గర యాత్ర పూర్తి చేసిన పత్రం తీసుకున్నవాళ్లు దాదాపు 5 లక్షల మంది. అయితే అక్కడి లెక్కను ఇక్కడికి నేరుగా తెచ్చుకోకూడదు. వాళ్లకు ప్రతి రాత్రీ యాత్రికుల సత్రంలో మంచం, స్నానానికి నీళ్లు ఉంటాయి. ఎండ అంత ఉండదు. మన దారిలో నేల మీద పడుకోవాలి, నీళ్లు ఎక్కువ మోయాలి. మరోవైపు పండగ రోజుల్లో అడుగడుగునా అన్నదానం ఉంటుంది కాబట్టి తిండి మోయక్కర్లేదు. ఇవన్నీ కలిపి చూస్తే నా లెక్క ఇది: 60 కిలోల మనిషికి నీళ్లతో సహా 6 కిలోలు. అందులో నీళ్లు 2 లీటర్లు, అంటే 2 కిలోలు. మిగిలిన 4 కిలోల్లో తక్కినవన్నీ సరిపోవాలి.

సరిపోతాయా? వేసి చూద్దాం. 30 లీటర్ల సంచి 900 గ్రాములు. పల్చటి నూలు దుప్పటి 500. కింద పరుచుకునే ఫోమ్ చాప 250. ఒంటి మీద జత కాక సంచిలో ఇంకో జత: పంచె 300, చొక్కా 200, లోదుస్తులు 120, పల్చటి తువ్వాలు 150. రెండు జతల సాక్సులు 100. తలకు పెట్టుకునే లైటు 80. పవర్ బ్యాంకు, ఛార్జరు కలిపి 280. మందులు, టేపు, వాసెలిన్ 200. అయిదు ఓఆర్ఎస్ ప్యాకెట్లు 105. సబ్బు, బ్రష్షు 100. స్టీలు ప్లేటు, గ్లాసు 250. డబ్బులు, ఆధార్ కార్డు, వాటికో కవరు 50. మళ్లీ మళ్లీ వాడుకోదగిన లీటరు నీళ్ల సీసాలు రెండు, ఖాళీవి 240. మొత్తం 3,825 గ్రాములు. సరిపోయాయి. చిన్న చిన్న తేడాలకు ఇంకో 175 గ్రాములు మిగిలాయి కూడా.

ఇదే జాబితాను ఆలోచించకుండా సర్దితే ఏమవుతుందో చూడండి. 50 లీటర్ల సంచి తీసుకుంటే అదే 1,800 గ్రాములు. మందపాటి దుప్పటి మరో 1,800. ఒక జీన్స్ ప్యాంటు 650. టర్కీ తువ్వాలు 450. ఇంకో రెండు జతల బట్టలు కిలో. స్టీలు సీసాలు రెండూ 700. ఇరవై వేల ఎంఏహెచ్ పవర్ బ్యాంకు 400 దాకా. చక్కిలాలు, బిస్కెట్లు, పండ్లు కలిపి కిలోన్నర. నీళ్లు పోయకముందే దాదాపు పది కిలోలు అవుతుంది. గమనించాల్సింది ఏమిటంటే, భారం పెరిగింది చిన్న వస్తువులతో కాదు. సంచి, పడక, బట్టలు, తిండి, ఈ నాలుగింటితోనే. టూత్‌బ్రష్షు పిడి విరిచి అయిదు గ్రాములు మిగుల్చుకునే అవసరం ఎవరికీ లేదు. సంచి చిన్నది కొంటే చాలు, మిగతావి వాటంతటవే తగ్గుతాయి, ఎందుకంటే ఖాళీ ఉంటే నింపకుండా ఉండటం మన వల్ల కాదు.

గొంగడి గురించి ఒక మాట. తెలంగాణలో, రాయలసీమలో పెద్దవాళ్లకు దాని మీద ఉన్న మమకారం నాకు తెలుసు, అది వానకూ చలికీ నేలకూ పనికొచ్చే గొప్ప వస్త్రం. కానీ రెండు కిలోలకు తగ్గదు. శివరాత్రి వేళకు కర్నూలు ప్రాంతంలో రాత్రి చలి 18 నుంచి 20 డిగ్రీల దగ్గరే ఉంటుంది, అడవిలో తెల్లవారుజామున ఇంకాస్త తగ్గుతుంది. దానికి నూలు దుప్పటి, ఒంటి మీద చొక్కా, కింద చాప సరిపోతాయి. చలి ముందు నేల నుంచే ఎక్కుతుంది కాబట్టి చాపను మాత్రం మానకండి.

భారం ఎక్కడ పడుతుంది

బరువు మోస్తే శక్తి ఖర్చవుతుందని అందరూ అనుకుంటారు. లెక్క వేస్తే ఆ భాగం చిన్నదే. 60 కిలోల మనిషి చదును నేల మీద కిలోమీటరు నడవడానికి సుమారు 45 కిలోకేలరీలు కావాలి. రోజుకు 25 కిలోమీటర్లకు 1,100 పైచిలుకు. వీపు మీద 6 కిలోలు పెడితే అది దాదాపు పది శాతం పెరుగుతుంది, అంటే మరో 110. ఒక పెద్ద అరటిపండుతో తీరిపోయే అప్పు అది. అసలు దెబ్బ తగిలేది అరికాలి చర్మానికి, మోకాలి కీలుకు, భుజానికి. వాటికి అరటిపండుతో బదులు తీర్చలేం. సామాను ఎంపికలో నేను పాదాలకు ఇంత చోటు ఇవ్వడానికి కారణం అదే.

కాలికి తొడుక్కున్న బరువు వీపు మీది బరువు లాంటిది కాదు. ప్రతి అడుగుకూ దాన్ని ఎత్తాలి, ముందుకు ఊపాలి, ఆపాలి. కాలి మీది కిలో వీపు మీది దాదాపు అయిదు కిలోలంత శ్రమ పెడుతుందని బూట్ల మీద జరిగిన పరిశోధనలు చెబుతున్నాయి. మన లెక్కలో పెట్టి చూద్దాం. ఒక్కో పాదం 77,000 సార్లు లేస్తుంది. ఒక్కో చెప్పు 200 గ్రాములు ఎక్కువ బరువుంటే, ఒక్కో కాలు ఈ యాత్రలో అదనంగా ఎత్తే మొత్తం 15,400 కిలోలు. రెండు కాళ్లకూ కలిపి ముప్పై టన్నులు దాటుతుంది. చీలమండ దాకా వచ్చే కొండెక్కే బూట్లు ఒక్కోటి 500 నుంచి 700 గ్రాములు ఉంటాయి. మంచి పరుగు బూట్లు 250 నుంచి 300. నల్లమలలో మంచు లేదు, బురద లేదు. ఈ దారికి ఆ బరువైన బూట్లు ఎందుకో నాకు అర్థం కాదు. పరుగు బూట్లు, లేదంటే మడమ వెనక పట్టీ ఉన్న గట్టి శాండిళ్లు చాలు.

హవాయి చెప్పులతో నడిచేవాళ్లు ఎక్కువ. తేలిగ్గా ఉంటాయి నిజమే, కానీ అవి జారిపోకుండా వేళ్లు ప్రతి అడుగుకూ బిగపట్టాలి. ఆ బిగింపు సాయంత్రానికి పిక్కల ముందు భాగంలో నొప్పిగా తేలుతుంది. పైగా అడుగు పల్చన, అడవిలో తుమ్మముల్లు నేరుగా దిగుతుంది. రాత్రి మజిలీలో వేసుకోవడానికి అవి మంచివి, నడకకు కావు.

కొలత విషయంలో రెండు జాగ్రత్తలు. చెప్పులు సాయంత్రం పూట కొనండి, ఎందుకంటే రోజంతా నిలబడ్డ పాదం ఉబ్బి ఉంటుంది. రోజుల తరబడి నడిస్తే ఇంకా ఉబ్బుతుంది. బొటనవేలి ముందు ఒక వేలి వెడల్పు, అంటే దాదాపు సెంటీమీటరున్నర, ఖాళీ ఉండాలి. అది లేకపోతే దిగుడు దారిలో గోళ్లు నల్లబడతాయి. ఇక కొత్త బూట్లతో యాత్రకు బయల్దేరకండి. కనీసం 80 కిలోమీటర్లు వాటితో ఊళ్లోనే నడిచి ఉండాలి. నెల రోజుల పాటు రోజూ మూడు కిలోమీటర్లు తిరిగితే ఆ లెక్క తీరిపోతుంది.

బొబ్బలకు కావలసినవి మూడే: రాపిడి, తడి, వేడి. మూడూ సాక్సు దగ్గరే కలుస్తాయి. నూలు మనకు ప్రియమైన బట్టే, కానీ సాక్సుగా అది చెడ్డది. మామూలు గాలిలో నూలు తన బరువులో 8.5 శాతం తేమను పట్టి ఉంచుతుంది, పాలిస్టరు 0.4 శాతమే. చెమట పట్టాక ఈ తేడా ఇంకా పెరుగుతుంది. తడిసిన నూలు చర్మానికి అతుక్కుని అక్కడే ఉండిపోతుంది. ఆటల దుకాణంలో దొరికే పల్చటి సింథటిక్ సాక్సులు మూడు జతలు తీసుకోండి. ఒకటి కాళ్లకు, ఒకటి సంచిలో, ఒకటి సంచికి వేలాడుతూ ఆరేటట్టు.

మరొకటి చవకైనది, మందుల షాపులో దొరికేది: కాగితపు టేపు. గాయాలకు కట్టు అతికించడానికి వాడే పల్చటి తెల్ల టేపు, మనం మైక్రోపోర్ అంటాం. 250 కిలోమీటర్ల దూరాన్ని రోజుల వారీగా పూర్తి చేసే ఎడారి పరుగుల్లో 128 మంది మీద దీన్ని పరీక్షించి, స్టాన్‌ఫర్డ్‌కు చెందిన వైద్యుల బృందం 2016లో ఫలితాలు ప్రకటించింది. టేపు వేసిన చోట్ల బొబ్బలు 40 శాతం తగ్గాయి. అంతకుముందు వాళ్లే చేసిన మొదటి పరీక్షలో ప్రయోజనం కనిపించలేదన్నది కూడా చెప్పాలి. అయినా ఖర్చు, బరువు రెండూ లెక్కలోకి రానంత తక్కువ కాబట్టి నేను దీన్ని తప్పనిసరి జాబితాలోనే పెడతాను. ఉదయం పాదం పొడిగా ఉన్నప్పుడు, మీకు ఎక్కడ రాసుకుంటుందో తెలిసిన చోట, ఒకే పొర, ముడతల్లేకుండా. బొబ్బ వచ్చాక వేయడం వేరు, రాకముందు వేయడం వేరు.

తొడలు ఒరుసుకుపోవడం గురించి ఎవరూ బయటికి మాట్లాడరు, రెండో రోజుకు సగం మంది కాళ్లు ఎడంగా పెట్టి నడుస్తుంటారు. చెమటకు తడిసిన పంచె అంచే దానికి కారణం. పంచె కట్టుకునేవాళ్లు లోపల మోకాళ్ల పైదాకా వచ్చే బిగుతు నిక్కరు వేసుకోవాలి. చీరతో నడిచే ఆడవాళ్లకూ ఇదే సలహా, లంగా కింద అలాంటి నిక్కరు. చీర విషయంలో నూలుది 500 గ్రాములు దాటుతుంది, ఉతికి పిండినా దాదాపు అంతే నీటిని పట్టి ఉంచుతుంది, మర్నాటికి ఆరదు. పల్చటి సింథటిక్ చీర 350 గ్రాముల్లో వస్తుంది, గంటన్నరలో ఆరుతుంది. చుడీదార్ ఇంకా తేలిక. శానిటరీ ప్యాడ్లు తేదీ లెక్క చూసుకోకుండా పెట్టుకోండి. నడక శ్రమకు తేదీలు తప్పుతాయి, అడవిలో దుకాణం ఉండదు.

ఉత్తి పాదాలతో నడిచేవాళ్లకు

దీక్ష తీసుకున్నవాళ్లలో చాలామంది చెప్పులు వేసుకోరు. ఆ నియమాన్ని నేను ప్రశ్నించను. కానీ నియమం పాటించేవాళ్లకే సామాను గురించి మరింత శ్రద్ధ కావాలి. ఫిబ్రవరిలో కర్నూలు పగటి వేడి సగటున 34 డిగ్రీలు, మార్చికి 37 దాటుతుంది. అది గాలి వేడి. అదే ఎండలో మధ్యాహ్నం తారు రోడ్డు 55, 60 డిగ్రీలకు చేరుతుంది. 60 డిగ్రీల వేడి మామూలు చర్మాన్ని కొన్ని సెకన్లలోనే కాలుస్తుంది. మన అరికాలి చర్మం మందం కాబట్టి ఇంకాస్త ఓర్చుకుంటుంది, అంతే. ఉత్తి పాదాలతో వెళ్లేవాళ్లు తెల్లవారుజామున 4 నుంచి 9 వరకు, సాయంత్రం 5 తర్వాత మాత్రమే రోడ్డు మీద ఉండాలి. తోలు వద్దనుకునేవాళ్లు మందపాటి గుడ్డ తొడుగు వేసుకోవచ్చు. చాలామంది గురుస్వాములు దాన్ని అనుమతిస్తారు, అడగండి.

మధుమేహం ఉన్నవాళ్ల సంగతి వేరు. ఐసీఎంఆర్ సహకారంతో జరిగిన దేశవ్యాప్త అధ్యయనం 2023లో ప్రకటించిన అంచనా ప్రకారం మన దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది. యాత్రకు వెళ్లే ప్రతి బృందంలో ఒకరిద్దరు ఉంటారన్నమాటే. ఏళ్ల తరబడి చక్కెర ఎక్కువగా ఉంటే అరికాళ్లలో స్పర్శ తగ్గుతుంది. తారు కాలుస్తున్నా, ముల్లు దిగినా తెలియదు. వైద్యులు దీన్ని కనిపెట్టడానికి వాడే సాధనం చాలా చిన్నది: 10 గ్రాముల బరువుకు వంగే నైలాన్ దారం. కళ్లు మూసుకుని ఉండగా అరికాలి మీద పలుచోట్ల ఆనిస్తారు. తెలిసిందో లేదో చెప్పాలి. నిమిషాల పని, యాత్రకు నెల ముందు చేయించుకోండి. స్పర్శ తగ్గిందని తేలితే ఉత్తి పాదాలతో ఒక్క కిలోమీటరు కూడా వద్దు. ప్రతి సాయంత్రం పాదాలు చూసుకోవడానికి చేతి అద్దం ఒకటి సంచిలో చేర్చండి, 50 గ్రాములు. మల్లన్న ఎవరి పాదమూ కోరడు.

నీళ్లు

బరువు తగ్గించమని ఇంతసేపు చెప్పాను. నీళ్ల దగ్గర మాత్రం తగ్గించకండి. ఎండలో సంచితో నడిచేవాడికి గంటకు ముప్పావు లీటరు నుంచి లీటరు దాకా చెమట పడుతుంది. అడవి దారిలో గంటకు మూడు, మూడున్నర కిలోమీటర్లకు మించి సాగదు. రెండు నీటి చోట్ల మధ్య ఎనిమిది కిలోమీటర్లు ఉంటే రెండున్నర గంటలు, అంటే రెండు లీటర్లు. పండగ రోజుల్లో దేవస్థానం, అటవీ శాఖ, స్వచ్ఛంద సేవకులు నీళ్ల ఏర్పాట్లు చేస్తారు. కానీ రద్దీలో ట్యాంకు ఖాళీ అయితే తర్వాతి చోటు దాకా మీ సీసాయే దిక్కు. తెల్లవారుజామున నడిస్తే చెమట సగానికి తగ్గుతుంది. నీళ్లు తక్కువ మోయాలనుకునేవాడికి ఉన్న ఒకే దారి అలారం పెట్టుకుని త్వరగా లేవడం.

చెమటతో నీళ్లే కాదు, లీటరుకు సుమారు ఒక గ్రాము సోడియం కూడా పోతుంది. మంచినీళ్లు మాత్రమే అదే పనిగా తాగితే రక్తంలో ఉప్పు పలచబడి తల తిరగడం, వాంతులు వస్తాయి. ఓఆర్ఎస్ ఎందుకంటే ఇందుకు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం ఒక ప్యాకెట్ 20.5 గ్రాములు: గ్లూకోజు 13.5, ఉప్పు 2.6, ట్రైసోడియం సిట్రేట్ 2.9, పొటాషియం క్లోరైడ్ 1.5. అది సరిగ్గా లీటరు నీళ్లకు. గ్లాసులో కలుపుకుని తాగితే అయిదు రెట్లు చిక్కనై దాహాన్ని పెంచుతుంది. ప్యాకెట్ మీద ఈ సూత్రం ఉందో లేదో చూసి కొనండి. ఓఆర్ఎస్ పేరుతో అమ్మిన తియ్యటి పానీయాల మీద హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పానీయాలకు ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. పాత సరుకు ఎక్కడైనా మిగిలి ఉండొచ్చు. రోజుకు ఒక ప్యాకెట్ చొప్పున అయిదు, 105 గ్రాములు, దండిగా సరిపోతాయి. రక్తపోటుకు, మూత్రపిండాలకు మందులు వాడేవాళ్లు ముందు వైద్యుణ్ని అడగాలి.

చీకటి

అందరూ మరచిపోయే వస్తువు బరువు 20 గ్రాములు. వెలుగు పడితే మెరిసే టేపు. తెల్లవారుజామున నడవమన్నాను, ఆ వేళ రోడ్డు మీద లారీలు కూడా ఉంటాయి. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. డ్రైవరు చూసి బ్రేకు మీద కాలు వేయడానికి సెకనున్నర, అంటే 33 మీటర్లు. ఆగడానికి ఇంకో 36. కనీసం 70 మీటర్ల ముందే మీరు కనిపించాలి. ముదురు రంగు బట్టల్లో ఉన్న మనిషి మామూలు లైట్లకు అంత దూరం నుంచి కనిపించడు. అయ్యప్ప మాలలో నల్ల బట్టలతో నడిచేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. సంచి వెనక ఒక పట్టీ, రెండు చీలమండల దగ్గర చెరొకటి అతికించండి. కదిలే కాలి మీది మెరుపును డ్రైవరు ముందుగా పట్టుకుంటాడు. రోడ్డుకు కుడి పక్కన, ఎదురొచ్చే బండ్లు కనిపించేటట్టు నడవండి.

అడవిలో చేతి టార్చి కన్నా తలకు పెట్టుకునే లైటు మేలు, చేతులు ఖాళీగా ఉంటాయి. 100 నుంచి 200 ల్యూమెన్లు చాలు. ఫోను వెలుగును నమ్ముకోకండి. పదివేల ఎంఏహెచ్ పవర్ బ్యాంకులో ఉండేది 37 వాట్ అవర్లు, నష్టాలు పోను 26 దాకా అందుతాయి. అయిదు వేల ఎంఏహెచ్ ఫోనుకు 19 కావాలి. అంటే ఒకసారి నిండుగా, ఇంకోసారి మూడో వంతు. నల్లమలలో సిగ్నల్ లేని చోట ఫోను దాని కోసం వెతికి వెతికి బ్యాటరీ తాగేస్తుంది. అక్కడ ఫ్లైట్ మోడ్‌లో పెట్టుకుంటే నలుగురికి ఒక పవర్ బ్యాంకు చాలు.

భీముని కొలను దగ్గర దారి లోయలోకి దిగి మళ్లీ నిటారుగా ఎక్కుతుంది. ఎక్కడం గుండెకు కష్టం, దిగడం మోకాలికి. దిగుడు నడకలో రెండు చేతికర్రలు వాడితే మోకాలి మీది భారం 12 నుంచి 25 శాతం తగ్గినట్టు 1999లో ఒక అధ్యయనం కొలిచింది. వెదురు కర్ర ఒకటైనా పట్టుకోండి, పొడవు మోచేయి ఎత్తుకు కాస్త పైదాకా ఉండాలి. అరకిలో బరువు పెరుగుతుంది, ఈ జాబితాలో తన బరువును తానే మోసే వస్తువు అదొక్కటే.

ఈ దారి నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలోంచి పోతుంది. విస్తీర్ణంలో దేశంలోకెల్లా పెద్దది అదే. లోపల ప్లాస్టిక్ సంచులు, వాడి పారేసే గ్లాసులు, పొయ్యి, పొగ కుదరవు. ప్లేటు, గ్లాసు 250 గ్రాములు పెట్టుకోమన్నది అందుకే. చిరిగిన ఓఆర్ఎస్ ప్యాకెట్లు, టేపు ముక్కలు వేసుకోవడానికి ఒక గుడ్డ సంచి పక్క జేబులో ఉంచండి. అది శ్రీశైలంలోనే ఖాళీ కావాలి.

అన్నీ సర్దాక, బయల్దేరడానికి మూడు వారాల ముందు, ఒకసారి పరీక్ష పెట్టుకోండి. చిత్తూరు, కడప వైపు వాళ్లకు అలిపిరి కన్నా మంచి చోటు లేదు: 3,550 మెట్లు, తొమ్మిది కిలోమీటర్ల దారి. కింద దేవస్థానం వాళ్లు సామాను ఉచితంగా కొండ మీదికి చేరుస్తారు, ఆ రోజు మాత్రం ఇవ్వకండి. నీళ్లు నింపిన సంచితోనే ఎక్కండి. తక్కినవాళ్లు ఊరి పక్క గుట్టను రెండు మూడు సార్లు ఎక్కి దిగినా సరిపోతుంది. ఇంటికొచ్చాక సంచి బోర్లించి చూడండి. ఆ రోజు చేతికి రాని వస్తువులను విడిగా తీసి తూయండి. మందులు, లైటు, పడక, ఇంకో జత బట్టలు, ప్లేటు, గ్లాసు, రెండో సీసా తప్ప మిగిలినవి సంచిలోకి మళ్లీ వెళ్లక్కర్లేదు.